ఊపిరి చుట్టూ నీరు: క్యాన్సర్ ప్లూరల్ ద్రవ చికిత్సలో కొలమానాలు మారిన చరిత్ర

వ్యాససంగ్రహం:
క్యాన్సర్ కారణంగా ఊపిరితిత్తుల చుట్టూ చేరే నీటికి చేసే చికిత్సల చరిత్రను సాధారణంగా పరికరాల చరిత్రగా రాస్తారు. సూది, గొట్టం, పొడి, కాథెటర్ అనే వరుసలో ఆ కథ సాగుతుంది. ఈ వ్యాసం ఆ వరుసను అనుసరిస్తూనే, ప్రతి దశలోనూ వైద్యులు దేనిని విజయంగా లెక్కించారన్న ప్రశ్నను ప్రధానంగా పరిశీలిస్తుంది. ఎక్స్-రే చిత్రం నుంచి రోగి ఆయాసానికి, అక్కడి నుంచి ఆసుపత్రిలో గడిపిన దినాల సంఖ్యకు ఆ లెక్క మారిన క్రమాన్ని, అది తెలుగు ప్రాంతాల వైద్యపరిస్థితితో కలిసే చోటును చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్లూరా, ప్లూరోడెసిస్, టాల్క్, టెట్రాసైక్లిన్, యల్లాప్రగడ సుబ్బారావు, ఉపశమన చికిత్స.

1. స్థిరమైన పేరు లేని నీరు

శరీరంలో చేరే నీటికి తెలుగులో పేర్లు చాలానే ఉన్నాయి. కాళ్ళకు ‘నీరు పడుతుంది’. పొట్టలో చేరితే జలోదరం. వృషణాల చుట్టూ చేరితే వరిబీజం. ఛాతీలో చేరే నీటికి మాత్రం వాడుకలో స్థిరపడిన మాట లేదు. ‘నెమ్ము చేసింది’ అన్న మాట న్యుమోనియా నుంచి మామూలు కఫం వరకు అన్నింటికీ చెల్లుతుంది. ‘ఊపిరితిత్తుల్లో నీరు చేరింది’ అన్నది నేడు ఆసుపత్రి వరండాలలో తరచుగా వినిపించే వాక్యం. వాడుకలో అది చెల్లిపోయినా శరీరనిర్మాణం దృష్ట్యా సరికాదు. ఇక్కడ చర్చిస్తున్న నీరు ఊపిరితిత్తి లోపల ఉండదు, దాని చుట్టూ ఉంటుంది. గుండె బలహీనపడినప్పుడు ఊపిరితిత్తి లోపలే చేరే నీరు వేరు, దాని చికిత్సా వేరు. రెండింటికీ ఒకే వాక్యం వాడటం వలన రోగి బంధువులకు ఒకదాని చికిత్స మరొకదానికి ఎందుకు పనికిరాదో అర్థం కాదు.

ఊపిరితిత్తిని కప్పుతూ ఒక పలుచని పొర, ఛాతీగోడ లోపలివైపున మరొక పొర ఉంటాయి. ఈ రెండింటికీ కలిపి ప్లూరా అని పేరు. వాటి మధ్య మామూలుగా కొద్ది మిల్లీలీటర్ల ద్రవమే ఉంటుంది. శ్వాసతో పొరలు ఒకదానిపై ఒకటి జారడానికి అది కందెన వలె పనిచేస్తుంది. ఈ ద్రవం నిరంతరం ఊరుతూ, ఛాతీగోడ వైపు పొరలోని సూక్ష్మమైన లింఫు రంధ్రాల ద్వారా తిరిగి వెళ్ళిపోతూ ఉంటుంది. క్యాన్సర్ కణాలు ప్లూరాకు చేరినప్పుడు రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతుంది. రక్తనాళాల నుంచి కారడం పెరుగుతుంది, బయటికి పోయే దారులు మూసుకుపోతాయి. కుండ నిండుతూనే ఉంటుంది గాని అడుగున కన్నం పూడిపోయి ఉంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, లింఫోమా ఇలా నీరు చేరడానికి ప్రధాన కారణాలు. లీటరు, రెండు లీటర్లు చేరిన రోగి నాలుగు అడుగులు వేయలేడు, వెల్లకిలా పడుకోలేడు. ఈ దశకు చేరిన తర్వాత ఆయుర్దాయం చాలామందిలో నెలలలోనే ఉంటుంది. చికిత్సాచరిత్రను చదివేటప్పుడు ఈ చివరి వాస్తవాన్ని మరచిపోరాదు. ఆ చరిత్రలోని వైద్యులలో పలువురు దానిని మరచిపోయారు.

2. ఒక్కసారిగా తీయరాదన్న హెచ్చరిక

హిప్పోక్రటిస్ పేరిట ప్రచారంలో ఉన్న గ్రీకు గ్రంథాలలో ఛాతీలోని చీమును, నీటిని కోసి గాని కాల్చి గాని తీసే పద్ధతి ఉంది. రోగి భుజాలు పట్టి కుదిపి లోపలి ద్రవం కదిలే చప్పుడు వినడం, పక్కకు చెవి ఆనించడం వారికి తెలుసు. ఒక సూత్రంలో ముఖ్యమైన హెచ్చరిక ఉంది. చీము గాని నీరు గాని ఒక్కసారిగా బయటికి పారితే రోగి మరణిస్తాడన్నది దాని సారాంశం.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో జలోదరానికి చెప్పిన శస్త్రవిధి ఇదే జాగ్రత్తను బోధిస్తుంది. వ్రీహిముఖమనే శస్త్రంతో పొట్టకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి నీటిని తీయాలి. మొత్తం ఒకేరోజు తీస్తే దప్పిక, జ్వరం, శ్వాస వంటి ఉపద్రవాలు కలుగుతాయి గనుక కొన్ని రోజుల వ్యవధిలో కొంచెం కొంచెంగా తీయాలి. సుశ్రుతుడు చెప్పింది పొట్ట నీటి గురించే గాని ఛాతీ నీటి గురించి కాదు. ఆధునిక వైద్యమంతా ప్రాచీన గ్రంథాలలోనే ఉందని చూపే ఉత్సాహంలో ఈ తేడాను చెరిపివేయడం పరిశోధనకు మేలు చేయదు. అయితే వేర్వేరు సంప్రదాయాలు ఒకే అనుభవానికి చేరుకోవడం గమనింపదగినది. నేటి ఆసుపత్రులలో ఛాతీ నుంచి ఒక దఫాకు సుమారు ఒకటిన్నర లీటరు మించి తీయకూడదన్న వాడుక నియమం వెనుక ఉన్నదీ ఇటువంటి భయమే. చాలాకాలంగా నొక్కుకుపోయిన ఊపిరితిత్తి అకస్మాత్తుగా విచ్చుకుంటే దానిలోకే నీరు ఊరే ప్రమాదం ఉంది.

3. పీపా శబ్దం నుంచి సూది వరకు

నీరు ఎంత ఉందో బయటి నుంచి తెలియనంత కాలం దానిని తీయడం సాహసమే. 1761లో వియన్నా వైద్యుడు లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ ఛాతీపై వేళ్ళతో తట్టి, వచ్చే శబ్దాన్ని బట్టి లోపలి స్థితిని గుర్తించే పద్ధతిని ప్రకటించాడు. ఆయన గ్రాట్స్ నగరంలో సత్రం నడిపినవాని కుమారుడు. పీపాను తట్టి సారాయి మట్టాన్ని తెలుసుకోవడం ఇంట చూసిన విద్యేనని చెబుతారు. సమకాలికులు పెద్దగా పట్టించుకోలేదు. 1808లో కోర్విసార్ ఫ్రెంచిలోకి అనువదించిన తర్వాతనే ఆ చిన్న పుస్తకానికి గుర్తింపు వచ్చింది. ఒక వైద్యపద్ధతికి అనువాదం ప్రాణం పోసిన సందర్భాలలో ఇది ఒకటి. 1816లో లాయెనెక్ స్టెతస్కోపును రూపొందించడంతో ఛాతీ వినికిడికి లొంగింది.

పారిస్‌లో ట్రూసో వంటివారు ఛాతీకి రంధ్రం చేసి నీరు తీయడాన్ని సమర్థించినా, శస్త్రవైద్యులలో ఎక్కువమంది వెనుకాడేవారు. గాలి లోపలికి దూరి చీము పట్టి రోగి చనిపోతాడన్న భయం నిరాధారమైనది కాదు. 1850లో అమెరికాలోని మాసచుసెట్స్‌లో మోరిల్ వైమన్, హెన్రీ బౌడిచ్ సన్నని గొట్టానికి పీల్చే పంపును తగిలించి, గాలి చొరబడకుండా నీటిని తీశారు. బౌడిచ్ అనుభవం 1852లో అచ్చయింది. 1869లో పారిస్‌లో ద్యులాఫువా మెరుగైన పీల్చుడు పరికరాన్ని తెచ్చాడు. 1870లలో హాంబర్గ్‌కు చెందిన బ్యూలౌ గొట్టం చివరను నీటిలో ముంచి ఉంచే పద్ధతిని ప్రారంభించి 1891లో ప్రకటించాడు. నేటికీ వార్డులలో మంచం పక్కన కనబడే నీటిసీసాకు అదే మూలం.

ఈ కాలమంతటా వైద్యుల దృష్టి చీము మీద, క్షయ మీద ఉంది. తీసిన నీటిలో క్యాన్సర్ కణాలను సూక్ష్మదర్శినితో గుర్తించడం 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో క్వింకే మొదలైన జర్మన్ వైద్యుల కృషితో మొదలయింది. దానితో ఒక కఠోరసత్యం తేటతెల్లమయింది. చీము తీస్తే తగ్గవచ్చు, క్షయ నీరు కాలక్రమంలో ఇంకిపోవచ్చు, క్యాన్సర్ నీరు మాత్రం తీసినకొద్దీ మళ్ళీ చేరుతుంది. తీసిన ప్రతిసారీ ఆయాసం తగ్గి, కొన్ని రోజులలో లేదా వారాలలో తిరిగి వస్తుంది. తీయడం వచ్చింది గాని ఆపడం రాలేదు.

4. పొరలను అంటించే విద్య

ఆపడానికి తట్టిన ఉపాయం విచిత్రమైనది. నీరు చేరే చోటే లేకుండా చేస్తే సరి. రెండు పొరలనూ ఒకదానికొకటి అతికిస్తే మధ్యలో ఖాళీ ఉండదు. దీనికే ప్లూరోడెసిస్ అని పేరు.

అంతకు పూర్వం ఛాతీవైద్యులు సరిగ్గా దీనికి విరుద్ధమైన పనిలో ఉండేవారు. క్షయకు మందులు లేని రోజులలో, పొరల మధ్యకు గాలి ఎక్కించి ఊపిరితిత్తిని కుదించి విశ్రాంతినివ్వడం ప్రధాన చికిత్స. పొరలు ఎక్కడైనా అతుక్కొని ఉంటే ఊపిరితిత్తి కుదించుకోదు. 1910లో స్వీడన్ వైద్యుడు యాకోబేయుస్ మూత్రాశయాన్ని చూసే గొట్టంతో ఛాతీ లోపలికి తొంగిచూసి, తర్వాత ఆ అతుకులను కాల్చి తెంచే పద్ధతిని తెచ్చాడు. 1915లో మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో వెలసిన శానటోరియం వంటి సంస్థలు ఈ యుగానికి చెందినవే. అతుకు అప్పటికి శత్రువు.

1935లో కెనడాకు చెందిన నార్మన్ బెత్యూన్ అతుకును ఉద్దేశపూర్వకంగా సృష్టించే పద్ధతిని ప్రకటించాడు. బెత్యూన్ స్వయంగా క్షయరోగి. ట్రూడో శానటోరియంలో గాలి ఎక్కించే చికిత్స పొంది కోలుకున్నవాడు. ఊపిరితిత్తిలో ఒక భాగాన్ని కోసి తీసివేసే ముందు, మిగిలిన భాగం ఛాతీగోడకు అంటుకొని ఉండేందుకు ఆయన టాల్క్ పొడిని పొరల మధ్య చల్లాడు. క్యాన్సర్ నీరు ఆయన ఉద్దేశంలో లేదు. తర్వాత ఆయన స్పెయిన్‌కు, అక్కడి నుంచి చైనాకు వెళ్ళి 1939లో మరణించాడు. ఆయన పేరిట చైనాలో వెలసిన ఆసుపత్రికి నాయకత్వం వహించిన షోలాపూర్ వైద్యుడు ద్వారకానాథ్ కోట్నీస్ భారతీయులకు సుపరిచితుడు. ఆ త్యాగమయ గాథ వెలుగులో బెత్యూన్ ఛాతీ శస్త్రవైద్యం మరుగునపడిపోయింది.

టాల్క్ అన్నది తెలుగువారికి కొత్త వస్తువు కాదు. కర్నూలు ప్రాంతంలో దొరికే, పలకపై రాసే బలపానికి వాడిన రాయి ప్రధానంగా ఈ ఖనిజమే. వైద్యంలో వాడేది ఆస్బెస్టాస్ కలవకుండా శుద్ధిచేసి, సూక్ష్మక్రిములు లేకుండా చేసిన పొడి. అది పొరలకు తగిలి వాపు కలిగిస్తుంది. ఆ వాపు మానుతూ మచ్చకట్టి పొరలు అతుక్కుంటాయి. 1958లో చేంబర్స్ టాల్క్‌ను గొట్టం ద్వారా పంపి క్యాన్సర్ నీటికి ఉపశమన చికిత్సగా వాడిన అనుభవాన్ని ప్రచురించాడు.

ఆ దశాబ్దాలలో పొరల మధ్యకు పంపని పదార్థం లేదనిపిస్తుంది. యుద్ధకాలపు విషవాయువుల నుంచి పుట్టిన నైట్రోజన్ మస్టర్డ్, రేడియోధార్మిక బంగారం, మలేరియాకు వాడే మెపాక్రిన్, తర్వాత బ్లియోమైసిన్ ఇలా ప్రయోగంలోకి వచ్చాయి. మొదట వీటిలో కొన్నింటిని క్యాన్సర్ కణాలను చంపడానికి పంపారు. క్రమంగా తెలిసినది మరొకటి. నీరు ఆగినప్పుడు చాలావరకు అది కణాలు చచ్చినందువలన కాదు, పొరలు రేగి అతుక్కున్నందువలన. కణాన్ని చంపే గుణమే లేని పదార్థమైనా పొరను తగినంత రేపితే చాలు. 1970లలో టెట్రాసైక్లిన్ వాడుకలోకి రావడానికి ఇదే హేతువు.

ఇక్కడ ఒక తెలుగు శాస్త్రవేత్త పేరు స్మరణకు వస్తుంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనా సంచాలకుడిగా ఉన్న కాలంలో, అక్కడ పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఫైజర్ సంస్థలో లాయిడ్ కానోవర్ దాని అణువును మార్చి టెట్రాసైక్లిన్‌ను తయారుచేశాడు. సుబ్బారావు 1948లోనే మరణించారు. ఈ మందు ఒకనాడు క్రిములతో నిమిత్తం లేకుండా, కేవలం తన ఆమ్లగుణంతో పొరలను రేపడానికి పనికివస్తుందని ఆయన గాని డగ్గర్ గాని ఊహించి ఉండే అవకాశం లేదు. అదే సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల నిరోధకాలు క్యాన్సర్ వైద్యానికే పునాదిరాళ్ళయ్యాయన్నది అందరికీ తెలిసిన చరిత్ర. టెట్రాసైక్లిన్ సంబంధం అంతగా తెలియనిది, దూరపుదీ కూడా. దూరపుదని చెప్పడమూ చరిత్రకారుని బాధ్యతలో భాగమే.

టెట్రాసైక్లిన్ పంపినప్పుడు తీవ్రమైన నొప్పి కలిగేది. 1990ల తొలి సంవత్సరాలలో దాని ఇంజెక్షన్ ఉత్పత్తి నిలిచిపోయింది. రోగికి మేలని గాక, సరుకు దొరకక వైద్యం మారిన ఉదంతమిది. కొందరు డాక్సీసైక్లిన్‌కు, ఎక్కువమంది తిరిగి టాల్క్‌కు మళ్ళారు. టాల్క్ సన్నని రేణువులు రక్తంలో కలిసి ఊపిరితిత్తులను తీవ్రంగా దెబ్బతీస్తాయన్న ఆందోళన అంతలోనే లేచింది. 2007లో లాన్సెట్‌లో వెలువడిన 558 మంది రోగుల అధ్యయనంలో, పెద్ద రేణువుల టాల్క్ వాడినప్పుడు అటువంటి తీవ్ర ప్రమాదం ఒక్కటీ కనబడలేదు. దానితో ఆందోళన చాలావరకు చల్లారింది.

5. ‘విజయం’ అంటే ఏమిటి?

టాల్క్‌ను ఛాతీలోకి చూస్తూ పొడిగా చల్లడం మేలా, నీటిలో కలిపి గొట్టం ద్వారా పంపడం మేలా అన్న వివాదం చాలాకాలం నడిచింది. 2005లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 30 రోజుల విజయం పొడికి 78 శాతం, ద్రావణానికి 71 శాతం. రెండింటికీ చెప్పుకోదగిన తేడా లేదని తేల్చారు. అయితే ఆ శాతాల హారంలో ఎవరున్నారో చూడాలి. 30 రోజులు బ్రతికి ఉండి, మొదట ఊపిరితిత్తి బాగా విచ్చుకున్నవారు మాత్రమే. అంతలో మరణించినవారు, ఊపిరితిత్తి విచ్చుకోనివారు లెక్కలో లేరు. విజయానికి గుర్తు ఎక్స్-రేలో నీరు తిరిగి కనబడకపోవడం. రోగి ఎలా ఊపిరి పీలుస్తున్నాడన్నది ఆ ప్రధాన కొలతలో లేదు. ఇది ఆ ఒక్క అధ్యయనపు లోపం కాదు, ఆ తరం వైద్యరచన అంతటి అలవాటు. 2020లో వెలువడిన 330 మంది బ్రిటిష్ అధ్యయనంలో 90 రోజులకు విఫలత పొడికి 22 శాతం, ద్రావణానికి 24 శాతమని తేలడంతో ఆ వివాదం దాదాపు సద్దుమణిగింది.

ఈలోగా లెక్కనే మార్చిన పరికరం వచ్చింది. చర్మం కింద కొంతదూరం నడిపి ఛాతీలో స్థిరంగా ఉంచే మెత్తని కాథెటర్‌కు 1997లో అమెరికాలో అనుమతి లభించింది. దీనితో రోగి ఇంటివద్దనే, కుటుంబసభ్యుల సాయంతో, రెండు మూడు రోజులకొకసారి నీటిని సీసాలోకి తీసుకోవచ్చు. ప్లూరోడెసిస్ దృష్టితో చూస్తే ఇది వెనకడుగు. బౌడిచ్ చేసిన పనినే ఇంట్లో పదేపదే చేయడం. నీరు ఆగలేదు గనుక పాత లెక్కలో ఇది ‘వైఫల్యం’.

పాత లెక్కను పక్కన పెట్టినవి 2012, 2017 సంవత్సరాల అధ్యయనాలు. 2012లో 106 మందిపై జరిగిన బ్రిటిష్ అధ్యయనం ఎక్స్-రేను గాక రోగులు స్వయంగా గీతపై గుర్తించిన ఆయాసాన్ని ప్రధాన కొలతగా తీసుకుంది. కాథెటర్, టాల్క్ రెండూ ఆయాసాన్ని ఇంచుమించు సమానంగా తగ్గించాయి. కాథెటర్ పొందినవారు తొలి చికిత్సకు ఆసుపత్రిలో ఉండవలసిన అవసరం దాదాపు లేకపోయింది, కాని ఇన్ఫెక్షన్ వంటి ఇబ్బందులు వారిలోనే ఎక్కువ. 2017లో ఆస్ట్రేలియా వైద్యుల నాయకత్వంలో 146 మందిపై జరిగిన అధ్యయనం మరింత ముందుకు వెళ్ళింది. చికిత్స నుంచి మరణం వరకు, లేదా ఏడాది వరకు, రోగి ఆసుపత్రిలో గడిపిన మొత్తం దినాలను లెక్కించింది. మధ్యగత విలువ కాథెటర్‌తో 10 రోజులు, టాల్క్‌తో 12. తేడా రెండు రోజులే. ఇంత శ్రమకు రెండు రోజులా అనిపించవచ్చు. అసలు ఆ ప్రశ్న అడగడమే కొత్త సంగతి. 2018లో రెండు మార్గాలనూ కలిపి, కాథెటర్ ద్వారానే టాల్క్ పంపినప్పుడు 35 రోజులకు 43 శాతం మందిలో పొరలు అతుక్కున్నాయి, పంపనివారిలో 23 శాతం.

మిగిలిన ఆయుర్దాయాన్ని అంచనా వేయడానికి 2014లో లెంట్ అనే గుణాంకం వచ్చింది. తక్కువ ప్రమాదం ఉన్న వర్గంలో మధ్యగత ఆయువు 319 రోజులు, మధ్యస్థ వర్గంలో 130, అధిక వర్గంలో 44. నలభై నాలుగు రోజులున్న మనిషికి పన్నెండు రోజుల ఆసుపత్రి ఎంత భాగమో వేరే చెప్పనవసరం లేదు. మరొక వైపు, కణంలోని జన్యుమార్పును గురిపెట్టే మాత్రలు వచ్చిన తర్వాత కొందరు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులలో మందుతోనే నీరు ఇంకిపోతోంది. లింఫోమాలో కీమోథెరపీతో అలా జరగడం ముందే తెలుసు.

6. తెలుగు ప్రాంతాల వైద్యంలో

మన దేశంలో ఛాతీలో నీరు చేరగానే మొదట తట్టేది క్షయ. ఆ అనుమానం సహేతుకమే, ఇక్కడ క్షయ అంత విస్తారం. కాని నీటిలోని కణాలను పరీక్షించకుండానే క్షయ మందులు మొదలుపెట్టినచోట క్యాన్సర్ నెలల తరబడి దాగి ఉంటుంది. మిగిలినవే నెలలైనప్పుడు ఆ ఆలస్యానికి వెల ఎక్కువ.

చికిత్స ఎంపికను ధర శాసిస్తుంది. ఇంటివద్ద వాడే కాథెటర్‌తో పాటు పదేపదే కొనవలసిన శూన్యపీడన సీసాలు సామాన్య కుటుంబానికి భారం. సన్నని పిగ్‌టెయిల్ గొట్టానికి మూత్రపు సంచి తగిలించి ఇంటికి పంపడం ఇక్కడి వైద్యులు కనిపెట్టుకున్న సర్దుబాటు. టాల్క్ దొరకనిచోట గాయాలకు పూసే పోవిడోన్ అయోడిన్‌ను పొరల మధ్యకు పంపే పద్ధతిని మెక్సికో వైద్యులు, మన దేశంలో చండీగఢ్ వైద్యులు పరిశీలించి పనికివస్తుందని చూపారు. వీటిని పేదవాని ప్రత్యామ్నాయాలుగా చూడటం తొందరపాటు. 1935 నాటి టాల్క్ కూడా ఇటువంటి సర్దుబాటే.

ఏ గొట్టమూ పెట్టలేని స్థితిలో ఆయాసాన్ని తగ్గించేది తక్కువ మోతాదు మార్ఫిన్. మాదకద్రవ్యాల చట్టం కట్టుబాట్ల వలన అది చాలాకాలం ఆసుపత్రులకు దుర్లభమయింది. 2014 సవరణతో కొంత సులువయింది. 1955లో స్థాపితమైన హైదరాబాదు మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగం పనిచేస్తున్నది. అటువంటి విభాగాలు జిల్లాలలో ఇంకా చాలినన్ని లేవు.

2023 బ్రిటిష్ మార్గదర్శకాలు టాల్క్, కాథెటర్ రెండింటినీ తొలి మార్గాలుగా అంగీకరించి, ఎంపికను రోగి ఇష్టానికి వదిలాయి. ఊపిరితిత్తి విచ్చుకోనివారికి మాత్రం టాల్క్ పనికిరాదు గనుక కాథెటరే మేలు. రోగి ఇష్టం అన్న మాట తెలుగు ఇళ్ళలో ఒక చిక్కును తెస్తుంది. ఇక్కడ జబ్బు పేరు మొదట తెలిసేది కొడుక్కో అల్లుడికో. ‘ఆయనకు చెప్పకండి’ అన్న అభ్యర్థన వైద్యుని గది బయటనే జరిగిపోతుంది. రోగికి తెలిసింది ‘కొంచెం నీరు చేరింది, తీయించాలి’ అన్నంత మాత్రమే. ఒకసారి ఆసుపత్రిలో కొన్ని రోజులుండి పొరలు అంటించుకోవడమా, ఇంట్లోనే ఉండి దినం తప్పి దినం నీరు తీయించుకోవడమా అన్న ప్రశ్నకు ఆయన జవాబు చెప్పాలంటే ముందు ఆ నీరు ఎందుకు చేరుతోందో, మళ్ళీ ఎందుకు చేరుతుందో ఆయనకు తెలిసి ఉండాలి. ఆ సంభాషణకు కావలసిన తెలుగు పదజాలం ఇంకా వార్డులలో, సమ్మతిపత్రాలలో తయారు కావలసి ఉంది.